ఇంజను ఎందుకు ఆగింది?

తోటల్లో గడ్డి కోయడానికి, మందు చల్లడానికి, కొమ్మలు కత్తిరించడానికి నేడు చిన్న చిన్న ఇంజన్లు వాడుతున్నారు. వీటిలో చాలావరకు రెండు స్ట్రోకుల ఇంజన్లు. అటువంటి ఇంజను ఒకటి మాటిమాటికీ ఆగిపోతుంటే, దాని కారణాన్ని ఒక పల్లెలో ముగ్గురు మనుషులు ఎలా వెదికి పట్టుకున్నారో ఈ పాఠంలో చదవండి.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతం మామిడితోటలకు పేరు పొందింది. అక్కడి పల్లెల్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, సంతలో తమిళంలో బేరమాడి, బస్సులో పక్కవారిని కన్నడంలో పలకరించేవారు అక్కడ ఎందరో ఉన్నారు. అటువంటి పల్లె ఒకదానిలో ఒక తల్లి, ఎనిమిదో తరగతి చదివే ఆమె కూతురు ఉండేవారు. తల్లికి సొంత పొలం లేదు. మహిళా సంఘంలో అప్పు తీసుకొని ఆమె ఒక గడ్డి కోసే మిషన్ కొన్నది. భుజానికి తగిలించుకొని, చివర గిర్రున తిరిగే బ్లేడుతో గడ్డిని కోస్తూ పోయే మిషన్ అది. వానలు కురిసిన తరువాత మామిడిచెట్ల కింద మోకాలెత్తు గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డిని కోసి ఇచ్చినందుకు తోటవారు కూలి ఇస్తారు. ఆ కూలిలోంచే నెలనెలా సంఘానికి కంతు కట్టాలి.

రెండేళ్ళు మిషన్ బాగా పనిచేసింది. మూడో ఏడు కార్తీక మాసంలో దానికి ఒక జబ్బు పట్టుకుంది. తాడు లాగగానే స్టార్టు అయ్యేది. చక్కగా కోసేది. పది నిమిషాలు గడిచేసరికి ఆగిపోయేది. ఎంత లాగినా మళ్ళీ స్టార్టు అయ్యేది కాదు. చెట్టు కింద పావుగంట కూర్చొని లాగితే, ఏమీ జరగనట్టే స్టార్టు అయ్యేది. మళ్ళీ పది నిమిషాలకు అదే కథ. ఒక్క రోజులో ముగియవలసిన తోట మూడు రోజులైనా ముగియలేదు. “ఆదివారంలోపల పని కాకపోతే ట్రాక్టరు పిలిపించుకుంటాను” అని తోట యజమాని చెప్పేశాడు. ట్రాక్టరు వచ్చిందంటే ఈ తోటే కాదు, పక్కనున్న రెండు తోటల పని కూడా పోతుంది.

ఆమె మిషన్‌ను బస్సులో వేసుకొని పట్నంలోని ఒక రిపేరు దుకాణానికి తీసుకుపోయింది. అక్కడివారు సంగతంతా విని, “వేడెక్కి కాయిల్ పోతోంది. చల్లారితే పనిచేస్తోంది. కాయిల్, కార్బొరేటర్ రెండూ మార్చాలి” అన్నారు. వారు చెప్పిన ఖర్చు మూడు నెలల కంతులకు సమానం. ఆమె ఏమీ మాట్లాడకుండా మిషన్‌ను తిరిగి ఇంటికి తెచ్చింది.

ఆ వీధిలోనే ఆమెకు చిన్నాయన వరసయ్యే ముసలాయన ఒకరున్నారు. ముప్పై ఏళ్ళు మోపెడ్ల రిపేరు చేసి, కళ్ళు సరిగా కనిపించక దుకాణం మూసివేసినవాడు. 1980లో హోసూరు కర్మాగారం నుంచి టి.వి.ఎస్. 50 మోపెడ్ బయటికి వచ్చింది. ఇద్దరు కూర్చోగల ఆ చిన్న బండి పాలవాళ్ళకు, పూలవాళ్ళకు, పల్లెటూరి ఉపాధ్యాయులకు ఎంతగానో ఉపయోగపడింది. అదీ రెండు స్ట్రోకుల ఇంజనే. అటువంటి ఇంజన్లను వందలకొద్దీ విప్పి బిగించిన చేతులు ఆయనవి.

“చిన్నాయనా, ఒకసారి చూస్తావా?” అని ఆమె అడిగింది.

ముసలాయన మిషన్‌ను అరుగు మీద పెట్టించాడు గాని స్పానర్ల పెట్టె తెమ్మనలేదు. “ముందు నాకు చెప్పు. ఆగేటప్పుడు ఎట్లా ఆగుతుంది? దీపం ఆర్పినట్టు టక్కున ఆగుతుందా, నూనె అయిపోయిన దీపంలాగా కొండెక్కుతుందా?” అని అడిగాడు.

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. “టక్కున కాదు. ముందు ఒక్క క్షణం గొంతు పెంచి అరుస్తుంది. తరువాత నీరసపడి ఆగుతుంది” అన్నది.

“ఆ మాట దుకాణంలో చెప్పినావా?”

“వాళ్ళు అడగలేదు.”

ముసలాయన మనవరాలి వైపు తిరిగాడు. “అమ్మణ్ణీ, ఒక నోటుపుస్తకం, గడియారం తెచ్చుకో” అన్నాడు.

ఇంజను ఆగే తీరుకూ, ఆగడానికి గల కారణానికీ సంబంధం ఉంది. అది అర్థం కావాలంటే రెండు స్ట్రోకుల ఇంజను ఎలా నడుస్తుందో తెలియాలి. సిలిండరు అనే గొట్టంలో పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది. పిస్టన్ పైకి పోయేటప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పైన ఉన్న పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం నొక్కుకుపోతుంది. కింద ఉన్న క్రాంకు గది ఖాళీ అవుతూ కార్బొరేటర్ నుంచి కొత్త మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. పిస్టన్ పైకి చేరే సమయానికి ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. మిశ్రమం మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. కిందికి దిగుతున్న పిస్టన్ ముందుగా పొగ పోయే ద్వారాన్ని, ఆ వెంటనే మిశ్రమం వచ్చే ద్వారాన్ని తెరుస్తుంది. క్రాంకు గదిలోని కొత్త మిశ్రమం పైకి ఎగదన్ని, మిగిలిన పొగను బయటికి నెడుతుంది. ఈ విధంగా పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలితే పని ఒక చుట్టు పూర్తవుతుంది. అందుకే దీనికి రెండు స్ట్రోకుల ఇంజను అని పేరు.

బ్రిటన్‌కు చెందిన డ్యూగాల్డ్ క్లర్క్ ఇటువంటి ఇంజనుకు 1881లో పేటెంటు పొందాడు. క్రాంకు గదినే పంపులాగా వాడుకొనే ఉపాయాన్ని ఇంగ్లండులోని జోసెఫ్ డే తరువాతి దశాబ్దంలో ఆచరణలోకి తెచ్చాడు. నేటి గడ్డి మిషన్లలో ఉన్నది ఆ ఉపాయమే. క్రాంకు గదిలో పెట్రోలు మిశ్రమం తిరుగుతుంది కాబట్టి, అక్కడ విడిగా ఆయిల్ నింపడానికి వీలులేదు. అందువల్ల ఆయిల్‌ను పెట్రోలులోనే కలిపి పోస్తారు. కలపడం మరిచిపోతే పిస్టన్ సిలిండరుకు ఒరుసుకొని పట్టుకుపోతుంది. ఆ ఇంజను మరి పనికిరాదు.

నడుస్తున్న ఇంజను ఆగిందంటే సాధారణంగా మూడింటిలో ఏదో ఒకటి తప్పి ఉండాలి: పెట్రోలు మిశ్రమం, నిప్పురవ్వ, నొక్కుడు. వీటితోపాటు గాలి లోపలికి రావడానికి, పొగ బయటికి పోవడానికి దారి ఉండాలి. నిప్పురవ్వ పోతే ఇంజను చాలావరకు టక్కున ఆగుతుంది. పెట్రోలు అందకపోతే మిశ్రమంలో గాలి పాలు పెరిగి, ఇంజను ఒక్క క్షణం వేగం పుంజుకొని, తరువాత కొండెక్కుతుంది. తల్లి చెప్పిన గుర్తు ఈ రెండో దానిది. అయితే గుర్తు గుర్తే. దాన్ని బట్టి వస్తువులు మార్చేయడం ముసలాయనకు ఇష్టం లేదు.

“కార్బొరేటర్ మీదున్న మరలు తిప్పుదామా? పక్కింటి అన్న అది తిప్పితే సరిపోతుందన్నాడు” అని అమ్మాయి అడిగింది.

“ఆ మరల జోలికి ఇప్పుడే పోవద్దు. రెండేళ్ళు ఆ మరలతోనే కదా బాగా నడిచింది! అవి వాటంతట అవి తిరగవు. మనం తిప్పితే ఉన్న తప్పు కనబడకపోగా కొత్త తప్పు ఒకటి చేరుతుంది. ఒక్కసారికి ఒక్క పనే చెయ్యాలి. చేసింది రాయాలి. డబ్బు ఖర్చుకాని పని ముందు చెయ్యాలి” అన్నాడు ఆయన.

ముందుగా గాలి ఫిల్టరు విప్పారు. స్పాంజి నిండా గడ్డిదుమ్ము ఉంది. సబ్బునీటితో కడిగి, పిండి, ఆరబెట్టి మళ్ళీ పెట్టారు. సిలిండరు చుట్టూ చేపమొప్పల్లాగా ఉండే రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డిని పుల్లతో గీకి తీశారు. ఆ రెక్కల గుండా గాలి పోతేనే ఇంజను చల్లగా ఉంటుంది. ఈ రెండు పనులూ ఎప్పుడో చేయవలసినవే. తరువాత పెట్రోలు నిండుగా పోసి, ఇంటి వెనుకనున్న బీడులో తల్లి గడ్డి కోయడం మొదలుపెట్టింది. ఆమె కళ్ళద్దాలు, బూట్లు వేసుకొన్నది. అమ్మాయి, తాత దూరంగా గట్టు మీద కూర్చున్నారు. బ్లేడు తిరుగుతున్నప్పుడు రాయి తగిలితే అది తూటాలాగా ఎగిరివస్తుంది.

ఎనిమిది నిమిషాలకు మిషన్ ఆగింది. అమ్మాయి ఆ అంకె రాసుకొన్నది. పావుగంట ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి పదకొండు నిమిషాలు నడిచింది. మళ్ళీ పావుగంట విశ్రాంతి. మూడోసారి పదిహేను నిమిషాలు నడిచింది.

అమ్మాయి నోటుపుస్తకాన్ని చూస్తూ ఉండిపోయింది. “తాతా, ఇదేమిటి ఇట్లుంది? వేడి వల్ల ఆగుతుంటే మొదటిసారి ఎక్కువసేపు నడవాలి కదా! అప్పుడు ఇంజను చల్లగా ఉంది. మూడోసారికి వేడిగా ఉంది. మరి మూడోసారే ఎక్కువసేపు నడిచిందే!”

ముసలాయన నవ్వాడు. “మొదటిసారికీ మూడోసారికీ ఇంకేమి మారింది?”

అమ్మాయి మిషన్ దగ్గరికి పోయి చూసింది. తెల్లని ట్యాంకులోంచి పెట్రోలు మట్టం కనిపిస్తున్నది. మొదట మూతదాకా ఉన్నది, ఇప్పుడు సగానికి తక్కువైంది. “పెట్రోలు తగ్గింది. తగ్గేకొద్దీ ఎక్కువసేపు నడుస్తోంది” అన్నది.

“అవును చిన్నాయనా! నిండుగా పోసినప్పుడే తొందరగా ఆగేది. నేను అది కూడా నా భ్రమే అనుకున్నాను” అని తల్లి అన్నది.

పెట్రోలు ఎక్కువగా ఉంటే తక్కువసేపు, తక్కువగా ఉంటే ఎక్కువసేపు నడిచే ఇంజను! వినడానికి వింతగా ఉన్నా ఇందులో వింత ఏమీ లేదు. నూనె డబ్బాకు ఒక్క చిల్లు పెట్టి వంచితే నూనె గుటకలు గుటకలుగా పడుతుంది. రెండో చిల్లు పెడితే ధారగా పడుతుంది. బయటికి పోయిన నూనె చోటులోకి గాలి రావాలి. ఆ గాలి రెండో చిల్లులోంచి వస్తుంది. గడ్డి మిషన్ ట్యాంకుకు ఆ రెండో చిల్లు మూతలో ఉంటుంది. అక్కడ ఒక చిన్న రబ్బరు కవాటం అమర్చి ఉంటారు. అది గాలిని లోపలికి రానిస్తుంది గాని, మిషన్ వాలినప్పుడు పెట్రోలును బయటికి పోనివ్వదు. ఆ కవాటం మూసుకుపోతే, ఇంజను పెట్రోలు పీల్చేకొద్దీ ట్యాంకులో గాలి పీడనం తగ్గుతుంది. చివరికి కార్బొరేటర్ ఎంత లాగినా పెట్రోలు రాదు.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మూత కింద గాలి ఉండే చోటు ఒక గుక్కెడంత మాత్రమే. చిన్న టీ గ్లాసుడు పెట్రోలు ఖర్చయ్యేసరికి ఆ గుక్కెడు గాలి ఎన్నో రెట్లు సాగవలసి వస్తుంది. దాని పీడనం బాగా పడిపోతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉన్నప్పుడు గాలి ఎక్కువ. అదే గ్లాసుడు పెట్రోలు పోయినా పీడనం అంతగా తగ్గదు. వాయువు ఆక్రమించే చోటు పెరిగితే దాని పీడనం తగ్గుతుందని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమాన్ని సామాన్యశాస్త్రం పుస్తకంలో చదువుతారు. ఆ నియమం బీడులోని గడ్డి మిషన్‌లో ఎనిమిది, పదకొండు, పదిహేను అనే మూడు అంకెలుగా కనిపించింది.

అయితే పావుగంట విశ్రాంతి ఇస్తే ఎందుకు బాగయ్యేది? ఆ పావుగంటలో ఇంజను చల్లారిన మాట నిజమే. అదే పావుగంటలో మూత సందుల్లోంచి మెల్లమెల్లగా గాలి కూడా ట్యాంకులోకి చేరింది. రెండూ ఒకే సమయంలో జరిగినవి. దుకాణంవారు మొదటిదాన్ని చూశారు, రెండోదాన్ని చూడలేదు.

ముసలాయన ఇంకా తృప్తి పడలేదు. కాయిల్ తప్పు లేదని కూడా తేలాలి. మళ్ళీ ట్యాంకు నింపించి మిషన్ నడిపించాడు. ఏడో నిమిషంలో ఆగింది. వెంటనే, మూత ముట్టకుండా, తాడు ఐదుసార్లు లాగించాడు. స్టార్టు కాలేదు. అప్పుడు మూతను సగం చుట్టు వదులు చేయించాడు. ‘స్‌స్’ అని గాలి లోపలికి పోయిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది. మూత బిగించి, ప్రైమర్ బుడ్డను నాలుగుసార్లు నొక్కి లాగితే రెండో లాగుకే ఇంజను అందుకొన్నది. ఆగినప్పటి నుంచి రెండు నిమిషాలు కూడా కాలేదు. ఇంజను ఇంకా చేయి పెట్టలేనంత వేడిగానే ఉంది.

“కాయిల్ తప్పయితే ఇంత వేడిలో నిప్పురవ్వ వచ్చేది కాదు” అన్నాడు ముసలాయన.

అమ్మాయికి ఇంకొక సందేహం వచ్చింది. “ఈసారి అదృష్టం కొద్దీ వచ్చిందేమో తాతా?”

ఆ సందేహం ఆయనకు నచ్చింది. ఇద్దరూ కలిసి ఒక పద్ధతి ఆలోచించారు. ప్రతి ఐదు నిమిషాలకూ ఇంజనును ఆపి, మూత వదులు చేసి, పది లెక్కపెట్టి, బిగించి, వెంటనే మళ్ళీ నడపాలి. విశ్రాంతి లేదు కాబట్టి ఇంజను చల్లారే అవకాశం లేదు. వేడే కారణమైతే ఇది పనిచేయదు. మూతే కారణమైతే ఎంతసేపైనా నడుస్తుంది. నలభై నిమిషాలు నడిచింది. ఒక్కసారి కూడా తనంతట తాను ఆగలేదు. బీడులో గడ్డి అయిపోయింది గాని ఇంజను ఆగలేదు.

మూత విప్పి చూస్తే లోపలి రబ్బరు కవాటం దుమ్ము, ఆయిల్ కలిసి గట్టిపడిన జిగురుతో అతుక్కుపోయి ఉంది. “గుండుసూదితో పొడిస్తే తెరుచుకోదా?” అని తల్లి అడిగింది. తెరుచుకుంటుంది. కాని పొడిచిన చిల్లు మళ్ళీ మూసుకోదు. మిషన్‌ను వాల్చినప్పుడు పెట్రోలు కారి వేడి సైలెన్సర్ మీద పడితే మంటలు లేస్తాయి. ముసలాయన ఆ పని చేయనివ్వలేదు. మరునాడు అమ్మాయి బడి వదిలిన తరువాత తల్లితో హోసూరు పోయి, పాత మూతను చూపించి కొత్తది అడిగింది. తెలుగులో మూత, కన్నడంలో ముచ్చళ, తమిళంలో మూడి. దుకాణదారు ‘మూడి’ అనగానే అందుకొని పెట్టె తెరిచాడు. దాని ధర ఆ పూట వారిద్దరి బస్సు ఛార్జీలకన్నా కొంచెం ఎక్కువ, అంతే.

కొత్త మూతతో ఆగడం పోయింది. అయినా ముసలాయన చెవికి ఇంజను గొంతు సరిగా లేదు. రేసు పూర్తిగా ఇచ్చినా వేగం అందుకోవడం లేదు. ఇది వేరే తప్పు. ఒక యంత్రంలో రెండు తప్పులు ఒకేసారి ఉండడం తరచుగా జరిగేదే. రెండోదాన్ని పట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ప్లగ్గు విప్పితే కొన నల్లగా, జిడ్డుగా ఉంది. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత సైలెన్సర్ విప్పితే, నిప్పురవ్వలు బయటికి పడకుండా అడ్డంగా పెట్టే తీగవల సగానికి పైగా మసితో పూడిపోయి ఉంది. పొగ బయటికి పోకపోతే కొత్త మిశ్రమం లోపలికి రాదు.

“ఆయిల్ ఎంత కలుపుతున్నావమ్మా?” అని ముసలాయన అడిగాడు.

“పుస్తకంలో లీటరుకు నలభై మిల్లీలీటర్లని ఉంది. ఇంజనుకు బలమని నేను ఇంకొంచెం పోస్తున్నాను” అని ఆమె ఒప్పుకొన్నది. ఇంకొంచెం అంటే మరో సగం. పిల్లలకు నెయ్యి వేసినంత ప్రేమతో పోసింది. కాని ఆయిల్ పెట్రోలులాగా శుభ్రంగా మండదు. ఎక్కువైనదంతా మసిగా మారి తీగవలలో, పొగ ద్వారంలో, ప్లగ్గు కొనమీద పేరుకుంటుంది. ఆ మిషన్ పుస్తకంలో చెప్పినది ఇరవై ఐదు పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. కొన్ని మిషన్లకు యాభైకి ఒకటి చాలు. అంటే లీటరుకు ఇరవై మిల్లీలీటర్లు. ఏ మిషన్‌కు ఎంతో దాని పుస్తకమే చెప్పాలి. పక్కవారి మిషన్ లెక్క పనికిరాదు.

తీగవలను తీగబ్రష్‌తో రుద్ది శుభ్రం చేశారు. ప్లగ్గు కొనను తుడిచి, రెండు మొనల మధ్య సందును పుస్తకంలో ఉన్నట్టు 0.6 మిల్లీమీటరుకు సరిచేశారు. అమ్మాయి ఒక లీటరు డబ్బా మీద పెట్రోలుకు ఒక గీత, మందుసీసా గ్లాసు మీద ఆయిల్‌కు ఒక గీత గీసిపెట్టింది.

చివరగా ముసలాయన ట్యాంకులోని పాత పెట్రోలును ఒక గాజుసీసాలో పోయించి ఎండపడని చోట, పొయ్యికి దూరంగా నిలబెట్టించాడు. ఇది ఆయన మోపెడ్ల కాలంలో లేని జాగ్రత్త. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ అనే సారాయిని కలుపుతున్నారు. 2023లో ఇరవై శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. 2025 నాటికి అది దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానకాలంలో నెలల తరబడి డబ్బాలో నిలవ ఉంచితే నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు చేరవచ్చు. అప్పుడు పైనున్న పెట్రోలుతోపాటే ఆయిల్ నిలిచిపోతుంది. అడుగున ఉన్నది ఆయిల్ లేని నీళ్ళసారాయి. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం కొన ఉండేది ఆ అడుగునే. సీసాలో ఆ రోజు అటువంటి గీత ఏదీ కనబడలేదు. అయినా ఒక నెలకు మించి కలిపి ఉంచవద్దని, పని లేని కాలంలో ట్యాంకును ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలినదాన్ని మండించి పెట్టాలని ఆయన చెప్పాడు. అమ్మాయి అదీ రాసుకొన్నది.

శుక్రవారం తెల్లవారుజామున తల్లి మామిడితోటకు వెళ్ళింది. రోజంతా ఆ తోటలో ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది. శనివారం మధ్యాహ్నానికి చివరి వరస చెట్లు మాత్రమే మిగిలాయి. కూతురు అన్నం క్యారియరు తీసుకొని గట్టు మీదుగా వస్తుండగా, ఇంజను ఒక్క క్షణం గొంతు పెంచి అరిచి, నీరసపడి ఆగింది. అమ్మాయి గుండె గుభేలుమన్నది. పరుగున వచ్చి చూస్తే, తల్లి అప్పటికే మూత విప్పి లోపలికి తొంగి చూస్తున్నది.

“ఏమైందమ్మా?”

“ఏమీ కాలేదు. పెట్రోలు అయిపోయింది” అని తల్లి నవ్వుతూ క్యారియరు అందుకొన్నది.

పదాలు – అర్థాలు

కంతు = అప్పును విడతలుగా తీర్చే మొత్తం
కొండెక్కు = (దీపం) ఆరిపోవు
కవాటం = ఒకవైపుకు మాత్రమే తెరుచుకొనే తలుపు వంటి అమరిక
పీడనం = ఒత్తిడి
మట్టం = ద్రవం నిలిచిన ఎత్తు
బీడు = సాగుచేయని నేల

ప్రశ్నలు

1. ఇంజను ఆగే తీరును గురించి ముసలాయన అడిగిన ప్రశ్న ఏమిటి? ఆ ప్రశ్న ఎందుకు అవసరమైంది?
2. నోటుపుస్తకంలోని మూడు అంకెలను చూసి అమ్మాయి ఆశ్చర్యపడడానికి కారణమేమిటి?
3. పావుగంట విశ్రాంతి ఇస్తే ఇంజను మళ్ళీ నడిచేది. దీనికి దుకాణంవారు చెప్పిన కారణం ఏది? అసలు కారణం ఏది? ఏది నిజమో తేల్చడానికి చేసిన పరీక్షను మీ మాటల్లో రాయండి.
4. మూతలోని కవాటాన్ని గుండుసూదితో ఎందుకు పొడవకూడదు?
5. ఒక మిషన్‌కు యాభై పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ కలపాలి. మూడు లీటర్ల పెట్రోలుకు ఎంత ఆయిల్ కావాలి?

భాషాభ్యాసం

1. ఈ పదాలను విడదీసి సంధి పేరు రాయండి: వేడెక్కి, రోజంతా, ఏమైంది.
2. ‘గొంతు పెంచి అరుస్తుంది’, ‘నీరసపడి ఆగుతుంది’ – మనుషులకు వాడే ఇటువంటి మాటలను ఇంజనుకు వాడిన చోట్లు పాఠంలో ఇంకా ఏమున్నాయి? గుర్తించి రాయండి.
3. మూత అనే మాటను మూడు భాషల్లో ఏమంటారో పాఠంలో చూశారు. మీ ఊళ్ళో వాడే పనిముట్ల పేర్లు ఐదు సేకరించి, వాటిని తెలుగులోను, మీ రాష్ట్రభాషలోను పక్కపక్కన రాయండి.

కృత్యం

ఖాళీ ప్లాస్టిక్ సీసా మూతకు సన్నని చిల్లు ఒకటి పెట్టి, నీళ్ళు నింపి, మూత బిగించి తలకిందులు చేయండి. నీరు ఎలా పడుతుందో గమనించండి. తరువాత సీసా అడుగున ఇంకొక చిల్లు పెట్టి మళ్ళీ చూడండి. ఆ రెండో చిల్లును వేలితో మూస్తూ, తెరుస్తూ ఏమి జరిగిందో రాయండి.